చల్లటి గదిలో వెచ్చటి పెట్టె

కరోనా వచ్చిన ఏడాది నేను దుబాయ్‌లో, సత్వా అనే పేటలో ఉండేదాన్ని. లేడీస్ టైలరింగ్ షాపులో పని. అబాయాలు, జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు, ఏది తెస్తే అది కుట్టేదాన్ని. షాపు వెనక సందులో పాత బిల్డింగు. అందులో రెండో అంతస్తు ఫ్లాటును గదులు గదులుగా ఆడవాళ్ళకు బెడ్ స్పేస్ కింద, మంచానికింతని అద్దెకు ఇచ్చేవాళ్ళు. మా గదిలో ముగ్గురం. నాది కడప జిల్లా. ఇంకొకామెది నెల్లూరు. నాకంటే పెద్దది, ఆస్పత్రిలో క్లీనింగ్ పని చేసేది. అక్కా అని పిలిచేదాన్ని. మూడో పిల్లది ఫిలిప్పీన్స్. మా షాపు పక్క సెలూన్లో గోళ్ళకు రంగులు వేసేది. నన్ను 'ఆతే' అనేది. వాళ్ళ భాషలో అక్క అని అర్థం.

ఆ పిల్ల ఒక కొండచిలువను పెంచుకునేది.

కొండచిలువ అంటే నేనూ మొదట మేకను మింగేదాన్నే ఊహించుకున్నా. ఇది ఆఫ్రికా వైపు చిన్న జాతంట. అప్పటికి నా చెయ్యి చాపినంత పొడవుండేది. విషం లేదు. భయమేస్తే తల లోపల దాచుకొని ఉండలా చుట్టుకునేది. నల్లగుడ్డ మీద తేనెరంగు అద్దకం వేసినట్టు ఒళ్ళు. కాగితాలతో సహా షాపులో కొనుక్కొచ్చానని ఆ పిల్ల చూపించింది. నేనూ అక్కా రెండు షరతులు పెట్టాం. పెట్టె మూతకు గొళ్ళెం ఉండాలి. దాని తిండి మన ఫ్రిజ్‌లోకి రాకూడదు. రెండిటికీ సరేనంది, మాట నిలబెట్టుకుంది. ఆమె మంచం కాళ్ళ దగ్గర గాజుపెట్టె, అడుగున కొబ్బరిపీచు, దాక్కోడానికి బోర్లించిన ఒక మట్టిచిప్ప, నీళ్ళగిన్నె. పెట్టె కింద ఒక పక్క వేడి చేసే పల్చటి మ్యాట్ ఒకటి అంటించి ఉండేది. నేను అటువైపు తిరిగి పడుకునేదాన్ని కాదు.

వాళ్ళమ్మకు ఒంట్లో బాగాలేదని ఫోనొస్తే ఆ పిల్ల హడావిడిగా బయల్దేరింది.

"రెండు వారాలే ఆతే. నీళ్ళు మార్చు, చాలు. మొన్ననే తినింది. మూత తియ్యడానికి భయమైతే కొంచెం జరిపి పొయ్యి."

సరేనన్నా. ఆ పిల్ల వెళ్ళిన కొద్దిరోజులకే విమానాలు ఆగిపోయాయి. మా షాపు షట్టరు దించేశారు. సెలూను ఇంకా ముందే మూసేశారు. బయటికి పోవాలంటే పర్మిట్ కావాలన్నారు. నేను గదికి అతుక్కుపోయాను. అక్కకు మాత్రం పని ఎక్కువైంది. ఆస్పత్రి బస్సు వచ్చి తీసుకెళ్ళేది, తీసుకొచ్చేది. అక్క గదిలోకి వచ్చేసరికి ముక్కు మీద, చెంపల మీద మాస్కు అచ్చు పడి ఉండేది. పొద్దంతా ఒంటినిండా ప్లాస్టిక్ సూటు. స్నానం చేసి, తడిజుట్టుతోనే మంచమ్మీద వాలి, కిటికీలో ఉన్న పాత ఏసీని చివరి దాకా తిప్పేది. ఆ ఏసీకి నడిమధ్య అనేది లేదు. చల్లబరిస్తే వణుకు పుట్టేట్టు చల్లబరిచేది, లేకుంటే లేదు.

ఎండలు ముదిరాక అది రాత్రీ పగలూ ఆగకుండా తిరిగేది. నేను రెండు దుప్పట్లు కప్పుకునేదాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం నీళ్ళు మార్చబోతే పెట్టెలోంచి సన్నటి ఈల వినిపించింది. గాలి ఏదో చిల్లులోంచి పోతున్నట్టు. వంగి చూస్తే పాము తల పైకెత్తి, నోరు కొంచెం తెరిచి ఉంది. ముక్కు దగ్గర నురగలాంటి బుడగ. పెట్టె అడుగున చెయ్యి పెట్టి చూశా. మ్యాట్ చల్లగా ఉంది. ప్లగ్గు తీసి పెట్టినా అంతే. ఎప్పుడు పాడైందో తెలియదు.

ఆ పిల్లకు వీడియో కాల్ చేసి చూపించా. చూడగానే ఏడ్చింది.

"చలి పట్టింది ఆతే. ఊపిరితిత్తులకు వస్తుంది. ఏసీ ఆపెయ్యండి, ప్లీజ్."

అక్క డ్యూటీ దిగి వచ్చాక చెప్పా. చెప్పే ముందే మంచినీళ్ళిచ్చా, ఆమె తాగేదాకా ఆగా. అయినా నా మాట పూర్తి కాకముందే లేచి కూచుంది.

"ఏంది మే నువ్వు చెప్పేది? పొద్దన్నుంచి ఆ సూటులో ఉడికి వస్తా ఉండా. చేతి గ్లౌసు తీస్తే చెమట నీళ్ళలాగా కారతా ఉండాది. ఇంటికొచ్చి కూడా ఉడకమంటావా, పాము కోసరం?"

ఖాళీ గ్లాసు తీసి పక్కన పెట్టా. ఆమె చెప్పింది నిజం. ఆ ఎండల్లో ఆ పని చేసొచ్చిన మనిషికి ఏసీ ఆపమని చెప్పే నోరు నాకు లేదు. పెట్టె వైపు చూస్తే ఆ ఈల కూడా నిజం.

వేరే చోటేదైనా ఉందా అని చూశా. వంటగది అన్ని గదులవాళ్ళదీ. అక్కడ పాము అంటే గోలగోలే. బాల్కనీ లేదు, ఉన్నా ఆ ఎండకు గంటలో చచ్చిపోతుంది. అమ్మిన షాపుకు ఫోన్ చేస్తే, జబ్బుదాన్ని వెనక్కి తీసుకోం అన్నారు. మా అమ్మకు చెప్తే, "పాముతో ఒకే గదిలో పండుకుంటాండావా? అది చస్తే నీకు మంచిదే" అని ఫోన్ పెట్టేసింది.

ఆ పూట సీసాల్లో వేడినీళ్ళు పోసి, పాత బనీను గుడ్డలు చుట్టి పెట్టెలో పెట్టా. పాము వాటికి ఆనుకుంది. కాసేపటికి నీళ్ళు చల్లారిపోయాయి. మళ్ళీ కాచా, మళ్ళీ చల్లారాయి. రంజాన్ నెల. ఉపవాసంతో పొయ్యికీ పెట్టెకీ తిరుగుతుంటే కాళ్ళు లాగేవి. కానీ ఆ తిరుగుడులోనే నాకు ఒకటి తేలిపోయింది. గదిని వేడి చెయ్యకూడదు, పెట్టెను వేడి చెయ్యాలి. అక్క చల్లదనం అక్కకుండాలి, దాని వేడి దానికుండాలి. ఎట్లా చేస్తారో తెలియదు. చేస్తారని మాత్రం తెలుసు, లేకుంటే చలిదేశాల్లో వీటిని ఎట్లా పెంచుతారు?

పాముల్ని చూసే డాక్టరు ఎవరని ఆ పిల్ల తన స్నేహితులను అడిగి ఒక క్లినిక్కు నంబరు పంపింది. ఫోనెత్తింది ఒక డాక్టరమ్మ, హిందీలో ఓపిగ్గా మాట్లాడింది.

"తీసుకురండి, ఇంజెక్షన్ ఇస్తాను. కానీ ముందు వేడి. దాని ఒంట్లో వేడి పుట్టదు, బయట నించే తీసుకోవాలి. చలిలో పెట్టి ఎన్ని మందులిచ్చినా లాభం లేదు."

"ఎంత వేడి ఉండాలమ్మా?"

"పెట్టెలో ఒక మూల ముప్పై రెండు. రెండో మూల ఇరవై ఆరు. రెండు పక్కలా దాక్కునే చోటు ఉండాలి. వెచ్చగా కావాలంటే ఇటు వస్తుంది, వద్దంటే అటు పోతుంది. అంతా ఒకే వేడి చేస్తే తప్పించుకోడానికి చోటుండదు."

ఇంకో మాట గట్టిగా చెప్పింది. మ్యాట్ ఐనా బల్బు ఐనా థర్మోస్టాట్ లేకుండా వెయ్యొద్దని. వేడి సరిపోగానే కరెంటు ఆపేది, తగ్గగానే ఇచ్చేది అది. అది లేకుంటే కింద కాలిపోతున్నా పాము కదలదంట, పొట్ట బొబ్బలెక్కేదాకా అక్కడే పడుకుంటుందంట. అది విన్నాక చౌకగా దొరికే మ్యాట్ తెచ్చి పెట్టేద్దామన్న ఆలోచన మానుకున్నా. క్లినిక్కువాళ్ళు చెప్పిన చోట మ్యాట్, థర్మోస్టాట్, రెండు పక్కలకూ రెండు థర్మామీటర్లు ఫోన్లోనే ఆర్డరిచ్చా. జీతం లేని నెలలో అదేం పని అని నన్ను నేను అడగలేదు. అడిగితే ఆగిపోతానని తెలుసు.

మా ఎదురు బిల్డింగులో జగిత్యాల వైపు ఎలక్ట్రీషియన్ ఒకతను ఉండేవాడు. ప్యాంట్లు కురచ చేయించుకోడానికి నా దగ్గరికొచ్చేవాడు. సైటు మూతపడి రూములోనే ఉన్నాడు. పిలిస్తే మాస్కు పెట్టుకొని, పనిముట్ల సంచి తగిలించుకొని వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి పెట్టె వైపు చూసి ముందు దండం పెట్టుకున్నాడు.

"ఏందక్కా, గీ దుబాయ్ ఎండల పాముకు హీటరా?"

"బయట ఎండ తమ్ముడూ. లోపల చూడు ఎట్లుందో."

చేతులు రుద్దుకున్నాడు. "అవు, మస్తు సల్లగున్నది. సరే. నేనైతే దాన్ని ముట్ట. వైరు పని చెప్పు, చేస్త."

మొదట గోడ వైపు చూశాడు. ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద మా కెటిల్, ఇస్త్రీపెట్టె, ఫోన్ చార్జర్లు అన్నీ వేలాడుతున్నాయి. తల అడ్డంగా ఊపాడు. "దీనికి గిది తగిలిస్తే ఏదో ఒకనాడు అంత బుగ్గి అయితది. ముందుగాల ఇది తీసెయ్యి." పెట్టె కోసం విడిగా ఒక సాకెట్ బాగుచేసి ఇచ్చాడు. కెటిల్‌ను వంటగదికి పంపించాడు. పాత మ్యాట్ ఊడదీసి కొత్తది అంటించడానికి పెట్టె ఎత్తాలి. పాము లోపలే ఉంది. నేను ఒక పక్క, అతను కళ్ళు సగం మూసుకొని ఇంకో పక్క పట్టుకున్నాం. థర్మోస్టాట్ తీగ చివర వేడిని పసిగట్టే చిన్న గుండీని మ్యాట్‌కూ గాజుకూ మధ్య కదలకుండా టేపుతో బిగించాడు.

సాయంత్రం నమాజు చేసుకొని వచ్చి చూస్తే వెచ్చటి మూల ఇరవై ఏడు. ఇంకాసేపాగి చూసినా అంతే. చల్లటి మూల ఇరవై ఒకటి. ఏసీ గాలి సూటిగా పెట్టె మీదికే వస్తోంది. మ్యాట్ ఇచ్చేదంతా గాజులోంచి గదిలోకి పోతోంది. చలికాలంలో లోపల అస్తరుగుడ్డ లేని కోటు తొడిగినట్టు.

అస్తరు వెయ్యడం నాకొచ్చిన పనే. వాచ్‌మెన్ దగ్గర టీవీ ప్యాకింగులో వచ్చిన థర్మోకోల్ పలకలుంటే అడిగి తెచ్చా. టేపు పెట్టి పెట్టె వెనకా, రెండు పక్కలా కొలిచి, బ్లేడుతో కోసి అతికించా. ముందు గాజు మాత్రం చూడ్డానికి వదిలేశా. గాలి ఆడడానికి పైన ఖాళీలుంచా. కొంచెం ఎక్కింది, ఇరవై తొమ్మిది. చాలలేదు.

మళ్ళీ డాక్టరమ్మకు ఫోన్. వెలుతురు లేకుండా వేడి మాత్రం ఇచ్చే సిరామిక్ బల్బు ఒకటుంటుందంది. పైన బిగించాలి, చుట్టూ జాలీ ఉండి తీరాలి, లేకుంటే పాము దానికి చుట్టుకొని కాలిపోతుంది. ఎలక్ట్రీషియన్ తమ్ముడు ఇనప జాలీని వంచి బోనులాంటిది చేశాడు. బల్బు దగ్గర్లో ఉన్న థర్మోకోల్ ముక్కంతా పీకించాడు. "అంటుకుంటది అక్కా. దగ్గర గుడ్డ కూడ పెట్టకు." బల్బుకు ఇంకో థర్మోస్టాట్ వేశాం.

ఈసారి ఎక్కువైంది. వెచ్చటి మూల ముప్పై ఆరు దాటింది, అవతలి మూల కూడా ముప్పై ఒకటి. పాము నీళ్ళగిన్నెలో దిగి కూచుంది. బల్బు ఆపేసి, అతన్ని మళ్ళీ పిలిచి, దాన్ని నడిమధ్య నించి ఒక మూలకు జరిపించా. బల్బు థర్మోస్టాట్ గుండీని సరిగ్గా దాని కిందికి తెచ్చాం. వేడి అటు పోయింది గానీ, చల్లటి మూల మీద ఏసీ గాలి కొట్టి ఇరవై రెండుకు దిగిపోయేది. పెట్టెను గాలి తగలని గోడకు జరపాలి. ఆ గోడకు అక్క మంచం ఉంది.

అక్క నిద్ర లేచి టీ తాగుతుంటే వెళ్ళి ఎదురుగా కూచున్నా.

"అక్కా, నీ ఏసీ జోలికి రాను. ఒక్క మెట్టు కూడా తగ్గించను. మంచం ఒకటి ఇటు జరుపుకుంటే చాలు. ఇటైతే గాలి మొత్తం నీ మీదికే వస్తుంది, నీకే ఎక్కువ తగుల్తుంది."

గ్లాసు కింద పెట్టి నన్నే చూసింది.

"ఎవుర్దో పాము. ఆ పిల్ల వస్తాదో రాదో తెల్దు. నీకెందుకు మే ఇంత?"

"చూస్తానని చెప్పినా కదక్కా."

ఆస్పత్రిలో తను చూస్తున్న చావుల గురించి అక్క మాతో ఎప్పుడూ చెప్పేది కాదు. ఆ రోజు మాత్రం టీ గ్లాసు వైపే చూస్తూ, "ఊపిరాడక పోయేది చూళ్ళేం మే. మనిషైనా ఏదైనా" అంది. లేచి మంచం కోడు పట్టుకుంది. "పట్టు ఆ పక్క. నాకు గాలి మాత్రం తగ్గకూడదు."

తగ్గలేదు. ఏసీ రెక్కలు ఆమె మంచం వైపు తిప్పి, ఊడిపోకుండా అట్టముక్క దోపా. ఇటు గోడ దగ్గర పెట్టెలో వెచ్చటి మూల ముప్పై రెండు దగ్గర నిలబడింది. చల్లటి మూల ఇరవై ఆరుకు కొంచెం అటూ ఇటూ. రెండో పక్కన కూడా ఒక మట్టిచిప్ప బోర్లించా. బ్లేడు పక్కన పడేసి నేల మీదే కూచుండిపోయా.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం మిగిలింది. దాన్ని చేత్తో పట్టుకోవడం అదే మొదటిసారి. పట్టుకున్నాక తెలిసింది, జిగట లేదు, పొడిగా నున్నగా ఉంది. దిండుగలీబులోకి దించి, ముడేసి, మూతకు చిల్లులు పెట్టిన డబ్బాలో వేడినీళ్ళ సీసా పక్కన పెట్టా. టాక్సీ డ్రైవరు పెషావర్ మనిషి. డబ్బాలో ఏముందని అడిగాడు. పిల్లి అందామనుకొని, ఎందుకులే అని "సాంప్", పామే అని హిందీలో చెప్పేశా. రెండు సిగ్నళ్ళు దాటాక "మూత గట్టిగా ఉందా బెహన్?" అని ఒక్కటే అడిగి, నేను దిగేదాకా ఏసీ తన వైపు మాత్రమే ఉంచాడు.

డాక్టరమ్మ నోరు తెరిచి చూసి ఇంజెక్షన్ చేసింది. ఇంకా కొన్ని వెయ్యాలంది. పెట్టె ఫోటోలు చూపిస్తే దగ్గరికి జరుపుకొని చూసి, జాలీ బాగుంది కానీ మూతకు ఆ పక్క ఇంకో చిల్లు పెట్టు, తేమ బయటికి పోవాలి అంది. పెట్టా. రమ్మన్నప్పుడల్లా తీసుకెళ్ళా. నేను లేనప్పుడు అక్క ఉంటే థర్మామీటరు చూసి ఫోన్లో చెప్పేది. "నీ కూతురికి ముప్పై రెండే ఉండాది లే. నువ్వు నిదానంగా రా."

ఈల ముందు తగ్గింది, తర్వాత ఆగిపోయింది. బుడగలు పోయాయి. అయినా నాకు నమ్మకం కుదరలేదు. అది ఎప్పుడు చూసినా వెచ్చటి చిప్ప కిందే ఉండేది. ఒకరోజు బట్టలు మడతపెడుతూ చూస్తే, చిప్ప కింది నించి బయటికొచ్చి, పెట్టె పొడవునా నిదానంగా పాకి చల్లటి మూలకు పోయి అక్కడ పడుకుంది. కాసేపయ్యాక తనంతట తానే వెనక్కొచ్చింది. అక్కను లేపి చూపిద్దామనుకున్నా గానీ పాపం నిద్రలో ఉంది. ఒక్కదాన్నే కూచొని చూశా.

షాపులు తెరిచాక దానికి తిండి కూడా నేనే తెచ్చి పెట్టాల్సొచ్చింది. చచ్చిన ఎలుకను పొడవాటి పట్టకారుతో పట్టుకొని, మొహం పక్కకు తిప్పుకొని అందించా. మొదట రెండుసార్లు వద్దంది. మూడోసారి పట్టుకున్నప్పుడు నేను వెనక్కి పడ్డంత పని చేశా. అక్క మంచమ్మీద నించి చూసి, నవ్వలేక పొట్ట పట్టుకుంది.

రెండు వారాలకని పోయిన పిల్ల మరుసటి ఏడాది గానీ రాలేదు. వాళ్ళమ్మ పోయింది. సెలూనువాళ్ళు ఆమె వీసా రద్దు చేశారు. చివరికి అబుదాబి పక్కన ముసఫ్ఫాలో ఇంకో సెలూనులో పని దొరికి వచ్చింది. వచ్చిన వారానికే సత్వాకు వచ్చి నన్ను పట్టుకొని చాలాసేపు ఏడ్చింది. పెట్టె ముందు కూచొని దాన్ని చేతికి చుట్టుకుంది. ఎంత పెరిగిందో చూసి మళ్ళీ ఏడ్చింది. తర్వాత సంచిలోంచి ఒక ప్లాస్టిక్ డబ్బా తీసింది.

"ఈ రోజు తీసుకెళ్తాను ఆతే."

"ఎక్కడ పెడతావు?"

"రూములో. మూల ఖాళీ ఉంది."

"ఏసీ ఎక్కడుంది?"

ఆ పిల్ల గుర్తు తెచ్చుకోడానికి ప్రయత్నించింది. "అక్కడే... పైన."

"ముందు చోటు చూపించు. తర్వాత ఇస్తా."

"అది నాది కదా ఆతే."

"నీదే. కాదన్నానా? వచ్చే శుక్రవారం నేను వస్తా, చోటు చూస్తా. అన్నీ సరిపోతే ఆ తర్వాత దాన్ని తీసుకుపో."

ముఖం చిన్నబుచ్చుకుంది. అక్క కల్పించుకుంటుందేమో అని ఆమె వైపు చూసింది. అక్క తల దువ్వుకుంటూ, "ఆమె చెప్పినట్టు చెయ్ మే" అని తెలుగులోనే చెప్పింది. ఆ పిల్లకు అర్థమైనట్టే ఉంది.

శుక్రవారం బస్సెక్కి అబుదాబి పోయి, అక్కడి నించి ఇంకో బస్సులో ముసఫ్ఫా వెళ్ళా. ఏసీ సరిగ్గా ఆ మూల నెత్తినే ఉంది. బట్టల బీరువా ఇటు జరిపించి, పెట్టెకు లోపలి గోడ దగ్గర చోటు చేయించా. ఆమె గదిలో ఉండే ఇంకో పిల్లకు థర్మోస్టాట్ అంటే ఏమిటో, బల్బు మీద గుడ్డ ఎందుకు వెయ్యకూడదో చెప్పా. ఆ తర్వాతి వారం ఎలక్ట్రీషియన్ తమ్ముడికి తెలిసినవాళ్ళ పికప్‌లో పెట్టె, బల్బు, జాలీ, థర్మోకోల్ అన్నీ పంపి, పామును నేనే ఒళ్ళో పెట్టుకొని తీసుకెళ్ళా. అన్నీ బిగించాక అంకెలు కదలకుండా నిలబడేదాకా అక్కడే కూచున్నా. వాళ్ళు అన్నం, చేపలకూర పెట్టారు, తిన్నా. పామును లోపల వదిలితే కొబ్బరిపీచు మీద ఒక చుట్టు తిరిగి వెచ్చటి చిప్ప కిందికి పోయింది.

వచ్చేటప్పుడు బస్సులో ఒళ్ళో ఏమీ లేదు. పాము కోసం బాధపడతానని ఎవరైనా చెప్పుంటే నమ్మేదాన్ని కాదు. కిటికీ వైపు తిరిగి కూచున్నా. కొంతసేపటికి అక్క ఫోన్ చేసి, వచ్చేసరికి ఆలస్యమైతే కూరేం చెయ్యమంటావని అడిగింది. పప్పు చాలన్నా.

అది ఇప్పటికీ ఆ పిల్ల దగ్గరే ఉంది. ఇప్పుడు ఇంకా పెద్ద పెట్టె. చలికాలం మొదలయ్యే ముందు ఒకసారి ఫోన్ చేసి రెండు మూలల అంకెలూ అడుగుతా. మొన్నటి ఏడాది ఆమె సెలూన్లో ఎవరో బల్లిజాతి జంతువును కొనుక్కుంటే నా నంబరిచ్చిందంట. ఒక ఈజిప్టు అమ్మాయి ఫోన్ చేసింది. బల్బు కొన్నావా అని అడిగా. కొన్నానంది. థర్మోస్టాట్ అని అడిగా. అదేంటని అడిగింది. చేతిలో పని పక్కన పెట్టి మొదటి నించి చెప్పా.